పంక్తి, రంగస్థలం, పత్రిక: తెలుగు పత్రికల్లో స్థానిక కళా, భోజన వార్తలు, జాతీయ సందర్భం (1874–1989)

ప్రస్తావన

తెలుగు పత్రికల చరిత్రను రాసినవారు సాధారణంగా సంపాదకులను, సంపాదకీయాలను, పత్రికలపై ప్రభుత్వం జరిపిన విచారణలను కేంద్రంగా తీసుకొన్నారు. తిరునల్వేలి కాల్పులపై 1908లో విజయవాడ 'స్వరాజ్య'లో వెలువడిన సంపాదకీయం కారణంగా గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుపాలు కావడం, 1907 నుంచి 1945 వరకు ముట్నూరి కృష్ణారావు 'కృష్ణాపత్రిక'ను నడిపిన తీరు, నార్ల వేంకటేశ్వరరావు సంపాదకత్వం ఈ చరిత్రలో ప్రధాన ఘట్టాలు. అవే పత్రికల్లో నాలుగైదు వాక్యాలలో ముగిసే మరో రకం వార్తలున్నాయి. ఒక ఊళ్లో నాటకం ఆడారు. ఒక గ్రంథాలయం వార్షికోత్సవం జరుపుకొంది. ఒకచోట హరికథ చెప్పించారు. ఒక పెద్దమనిషి గౌరవార్థం తేనీటి విందు ఇచ్చారు. మరొకచోట సహపంక్తి భోజనం ఏర్పాటు చేశారు. వీటిని పుటలో ఖాళీ నింపే సామగ్రిగా భావించి పరిశోధకులు పక్కన పెట్టడం పరిపాటి.

ఒక దినపత్రిక పుటలో ఒకదానితో ఒకటి సంబంధంలేని సంఘటనలు పక్కపక్కన చేరడానికి తేదీ తప్ప వేరే ఆధారం లేదని, అలా చేరడమే పాఠకులలో తామంతా ఒకే జాతి అనే ఊహను కలిగిస్తుందని బెనెడిక్ట్ ఆండర్సన్ 1983లో ప్రకటించిన 'ఇమాజిన్డ్ కమ్యూనిటీస్'లో ప్రతిపాదించాడు. తెలుగు పత్రికల విషయంలో ఈ ప్రతిపాదనకు ఒక సవరణ అవసరం. స్థానిక సభ, నాటకం, భోజనం గురించిన వార్తకూ జాతీయ వార్తకూ మధ్య తేదీని మించిన సంబంధం ఉంది. జాతి అంటే ఎవరెవరు అన్న ప్రశ్న జాతీయ వార్తలో సిద్ధాంతంగా వినిపిస్తుంది. విస్తరి ముందు ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, రంగస్థలంపైకి ఎవరు ఎక్కారు అన్న స్థానిక వార్తలో దానికి ఆచరణ రూపమైన సమాధానం దొరుకుతుంది. ఆ సమాధానం కొన్నిసార్లు జాతీయ నాయకత్వం అంగీకరించిన హద్దును దాటింది, కొన్నిసార్లు దానికి ఎంతో వెనుకబడింది.

'వివేకవర్ధని' ప్రారంభమైన 1874 నుంచి దినపత్రికలకు జిల్లా అనుబంధాలు ఏర్పడిన 1989 వరకు ఈ సంబంధం ఎలా పరిణమించిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర జిల్లాలనూ, నిజాం రాజ్యంలోని తెలంగాణనూ వేరువేరుగా చూడవలసి ఉంటుంది. రెండుచోట్ల పత్రికలకున్న స్వేచ్ఛ ఒకటి కాదు. కనుక స్థానిక వార్తకున్న బరువూ ఒకటి కాదు.

రాజమహేంద్రవరం: చట్టం, వివాహం, విస్తరి

కందుకూరి వీరేశలింగం 1874 అక్టోబరులో 'వివేకవర్ధని'ని స్థాపించాడు. స్థానిక ఉద్యోగుల లంచగొండితనాన్ని, న్యాయస్థానాల చుట్టూ అల్లుకొన్న అక్రమాలను బయటపెట్టడం ఆ పత్రికకు పేరు తెచ్చింది. న్యాయవాద వృత్తిలోని మోసాలను చిత్రించిన 'వ్యవహార ధర్మబోధిని' ఆ పత్రికలోనే వెలువడింది. 1880లో వీరేశలింగం విద్యార్థులచేత దానిని ప్రదర్శింపజేశాడు. ఆధునిక తెలుగు రంగస్థల చరిత్రలో ఇది తొలి ప్రదర్శనగా గుర్తింపు పొందింది. ఇక్కడ గమనించవలసింది ప్రాథమ్యం ఒక్కటే కాదు. పత్రికకు వస్తువైన స్థానిక వ్యవహారమే నాటకానికి వస్తువైంది. చదవగలిగిన కొద్దిమందికి పత్రిక చెప్పిన విషయాన్ని, చూడగలిగిన అందరికీ నాటకం చెప్పింది.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిగింది. వధువు గౌరమ్మ, వరుడు గోగులపాటి శ్రీరాములు. కాకినాడకు చెందిన పైడా రామకృష్ణయ్య ఇచ్చిన ధనసహాయం, విద్యార్థుల తోడ్పాటు, పోలీసు రక్షణ ఈ వివాహానికి అండగా నిలిచాయి. వితంతు వివాహాన్ని చట్టబద్ధం చేసిన శాసనం 1856లోనే అమలులోకి వచ్చింది. అంటే దేశానికంతటికీ వర్తించే చట్టం గోదావరి తీరంలో ఒక వివాహంగా రూపుదాల్చడానికి 25 సంవత్సరాలు పట్టింది. చట్టం ఆ దంపతుల వివాహానికి, సంతానానికి రక్షణ ఇవ్వగలిగింది. వారి ఇంట భోజనానికి ఎవరినీ కూర్చోబెట్టలేకపోయింది. వివాహాన్ని సమర్థించినవారిపై బహిష్కారం పడింది. సానుభూతి చూపినవారిలో కొందరు ఆ తర్వాత ప్రాయశ్చిత్తం చేసుకొని కులంలో తిరిగి కలిశారు. ఒక వ్యక్తి సంస్కరణకు ఎంతవరకు కట్టుబడ్డాడో అతడి ఉపన్యాసంకన్నా అతడు తిన్న భోజనం స్పష్టంగా తెలిపింది.

తెలుగులో ఈ విషయానికి భాషలోనే సాక్ష్యముంది. కులం నుంచి వెలివేసిన వ్యక్తిని 'పంక్తిబాహ్యుడు' అన్నారు. ధర్మశాస్త్రాలు తన ఉనికిచేత పంక్తిని శుద్ధి చేసే వాడిని 'పంక్తిపావనుడు' అన్నాయి. రెండు మాటలకూ మూలం భోజనాల వరుసే. సంఘంలో సభ్యత్వాన్ని సూచించే పదజాలం భోజనశాల నుంచి వచ్చినప్పుడు, సంఘాన్ని మార్చాలనుకొన్న పత్రిక భోజనాలను వార్తగా పరిగణించడంలో ఆశ్చర్యం లేదు.

మేజువాణి నుంచి నాటకసభకు

విందుకూ కళకూ ఉన్న సంబంధాన్ని 'మేజువాణి' అనే మాట చక్కగా చూపుతుంది. తెలుగునాట అది ఒక గృహస్థు లేదా జమీందారు అతిథుల ముందు ఏర్పాటు చేయించే కళావంతుల నృత్యగాన ప్రదర్శనకు పేరు. దీనికి మూలమైన పారసీక పదం 'మేజ్‌బానీ'కి ఆతిథ్యమని అర్థం. ఆతిథ్యాన్ని తెలిపే మాట తెలుగులో నృత్యప్రదర్శనకు పేరు కావడం, పెళ్ళిళ్లలోనూ జమీందారీ వేడుకలలోనూ విందు, మేళం విడదీయరానివిగా ఉండేవని నిరూపిస్తుంది.

వీరేశలింగం, రఘుపతి వేంకటరత్నం నాయుడు తదితరులు నడిపిన సంస్కరణోద్యమం ఈ జంటను విడదీయడానికి పూనుకొంది. మద్రాసు సంస్కర్తలు 1893లో వైస్రాయికి, గవర్నరుకు విజ్ఞాపనలు పంపి, అలాంటి ప్రదర్శనలున్న వేడుకలకు హాజరు కావద్దని కోరారు. అంటే ఒక ఊరి విందుకు పిలుపును అంగీకరించాలా వద్దా అన్నది సామ్రాజ్య స్థాయి పాలకులను అడిగిన ప్రశ్న అయింది. ఈ ఉద్యమం స్త్రీల దోపిడిని ప్రశ్నించిందన్నది నిజం. అయితే ఆ క్రమంలో కళావంతుల స్త్రీలు సంస్కరణవాద పత్రికల పుటల్లో కళాకారిణులుగా కనిపించడం తగ్గి, పరిష్కరించవలసిన సమస్యగా మాత్రమే కనిపించడం మొదలైంది. 1947 నాటి మద్రాసు దేవదాసీ నిషేధ చట్టం ఈ దృష్టికి శాసనరూపం. కోస్తా ఆంధ్రలో కళావంతుల కుటుంబాలలో మిగిలిన కళాజ్ఞాపకాలను దవేశ్ సోనేజీ 2012లో ప్రచురించిన గ్రంథంలో నమోదు చేశాడు. ఆ జ్ఞాపకాలను, సంస్కరణవాద పత్రికల వార్తలను పక్కపక్కన పెట్టి చదివితేగాని ఆ కాలపు చిత్రం పూర్తి కాదు.

మేజువాణి ఖాళీ చేసిన గౌరవస్థానంలోకి నాటకసభ వచ్చింది. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరసవినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావుతో సంబంధమున్న సుమనోరమ సభ, విజయనగరంలో జగన్నాథ విలాసినీ సభ ఈ మార్పుకు గుర్తులు. వీటన్నిటి పేర్లలోనూ 'సభ' ఉండటం గమనార్హం. మేజువాణిలో చూసేవాడు ఆతిథేయుడి అతిథి. సభలో చూసేవాడు ప్రేక్షకుడు. విజయనగరంలో 1892లో ప్రదర్శితమైన 'కన్యాశుల్కం'కు 1897లో ప్రచురించిన పీఠికలో గురజాడ అప్పారావు, విశాఖపట్నం మండలంలో మూడేళ్ల కాలంలో జరిగిన కన్యాశుల్క వివాహాల సంఖ్యను 1,034గా పేర్కొన్నాడు. స్థానిక వాస్తవాల లెక్క సాహిత్యానికి పునాది అయిన ఉదాహరణ ఇది. ఆ తొలి కూర్పును 1969లో తిరిగి పాఠకుల ముందుకు తెచ్చిన బంగోరె స్వయంగా నెల్లూరు 'జమీన్ రైతు' పత్రికలో పనిచేసినవాడు. పాత పత్రికలను, మరుగున పడిన ముద్రణలను వెదకడంలో అతడు చూపిన శ్రద్ధ తర్వాతి పరిశోధకులకు దారి చూపింది.

జాతీయ వార్త ఊళ్లోకి వచ్చినప్పుడు

1902 ఫిబ్రవరి 2న మచిలీపట్నంలో 'కృష్ణాపత్రిక', 1908 సెప్టెంబరు 9న బొంబాయిలో 'ఆంధ్రపత్రిక' వారపత్రిక ప్రారంభమయ్యాయి. 'ఆంధ్రపత్రిక' 1914 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి దినపత్రికగా వెలువడటం మొదలైంది. అదే నెల 10న విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. ఈ రెండింటినీ కలిపి చూడాలి. దినపత్రిక గ్రంథాలయానికి చేరేది. అక్కడ ఒకరు చదవగా పదిమంది వినేవారు. ఆ గ్రంథాలయం వార్షికోత్సవం చేసి వార్త పంపేది. జాతీయ వార్త కిందికి దిగిన దారినే స్థానిక వార్త పైకి ఎక్కింది.

'కృష్ణాపత్రిక' విషయంలో పత్రికా కార్యాలయమే కళావేదిక అయింది. ముట్నూరి కృష్ణారావు చుట్టూ సాయంకాలాలు కూడే కవులు, గాయకులు, చిత్రకారుల గోష్ఠి 'కృష్ణాపత్రిక దర్బారు'గా ప్రసిద్ధి పొందింది. 1910లో అదే పట్టణంలో ఏర్పడిన ఆంధ్ర జాతీయ కళాశాల చిత్రకళకు, చేతిపనులకు విద్యలో చోటు కల్పించింది. 'జాతీయ' అన్న విశేషణం రాజకీయాలకు మాత్రమే పరిమితం కాకుండా బొమ్మకు, పాటకు, నేతకు వర్తించిన వాతావరణంలో, కచేరీ వార్తను రాజకీయ వార్త నుంచి వేరు చేసే గీత సన్నబడింది.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో విజయవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘం సమావేశం జరిగింది. కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధి, కోటిమంది సభ్యులు, 20 లక్షల రాట్నాలు లక్ష్యంగా నిర్ణయమైంది అక్కడే. 1923 డిసెంబరులో కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. ఈ రెండు సందర్భాలలోనూ జాతీయ వార్తకు తేదీరేఖ ఆంధ్ర పట్టణమే. కాకినాడలో విష్ణు దిగంబర్ పలుస్కర్ వందేమాతరం ఆలపించబోగా అధ్యక్షుడు మౌలానా మహమ్మదాలీ సంగీతానికి అభ్యంతరం తెలిపిన ఉదంతం, పలుస్కర్ ఆగకుండా పాడి ముగించిన ఉదంతం ప్రసిద్ధాలు. టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను అక్కడి ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర బాలిక అయిన దుర్గాబాయి నిలిపిన ఘటన కూడా ఆ రోజులదే. పాట పాడవచ్చునా, ప్రదర్శనలోకి ఎవరు రావచ్చు అన్నవి చూడటానికి చిన్న విషయాలు. మత సమైక్యత, నియమాల ముందు సమానత్వం అనే పెద్ద ప్రశ్నలు వాటి రూపంలోనే ఎదురయ్యాయి.

సహపంక్తి: జాతీయ కార్యక్రమం, స్థానిక ఆచరణ

1932 సెప్టెంబరులో గాంధీ నిరాహారదీక్ష, దాని ఫలితంగా కుదిరిన పూనా ఒడంబడిక అస్పృశ్యతను జాతీయ వార్తల అగ్రభాగానికి తెచ్చాయి. ఆ దీక్ష రోజుల్లో దేశంలో అనేకచోట్ల సహపంక్తి భోజనాలు జరిగాయి. 1933 డిసెంబరులో హరిజన యాత్రలో భాగంగా గాంధీ ఆంధ్ర జిల్లాలలో పర్యటించాడు. అయితే ఆ కాలంలో గాంధీ స్వయంగా అస్పృశ్యతా నివారణ కార్యక్రమంలో సహపంక్తి భోజనాన్ని, వర్ణాంతర వివాహాన్ని అనివార్య భాగంగా ప్రకటించలేదు. వాటిని వ్యక్తుల ఇష్టానికి విడిచిపెట్టాడు. దేవాలయ ప్రవేశం, బావులు, పాఠశాలలు కార్యక్రమానికి కేంద్రమయ్యాయి. కాబట్టి ఒక ఊళ్లో అన్ని కులాలవారు కలసి భోంచేశారన్న వార్త, జాతీయ కార్యక్రమం కోరిన దానికన్నా ఒక అడుగు ముందున్నది. ఒకే పుటలో గాంధీ ప్రకటనను, ఆ చిన్న వార్తను చదివిన పాఠకుడికి ఈ అంతరం కనబడక మానదు.

కృష్ణాజిల్లాలో గోరా ఈ అడుగును మరింత ముందుకు వేశాడు. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించిన ఆయన పున్నమి రాత్రుల్లో సహపంక్తి భోజనాలను క్రమం తప్పని కార్యక్రమంగా నడిపాడు. పున్నమి అంటే సంప్రదాయంలో వ్రతానికి, పూజకు సంబంధించిన తిథి. ఆ తిథిని కులాతీత భోజనానికి కేటాయించడంలో పంచాంగాన్నే మార్చి రాసే ప్రయత్నం కనిపిస్తుంది. ఎప్పుడో ఒకసారి, ఒక నాయకుడు వచ్చినప్పుడు జరిగే భోజనం వేడుక. నెలనెలా జరిగేది అలవాటు. పత్రికలకు మొదటిది వార్త అవుతుంది, రెండోది త్వరలోనే వార్త కాకుండా పోతుంది. సంస్కరణ నిజంగా వేళ్లూనిన చోట పత్రికలో మౌనం ఉండవచ్చునన్న సంగతి పరిశోధకుడు మరువరాదు.

సహపంక్తి భోజనాలపై లోతైన విమర్శ డాక్టర్ అంబేడ్కర్‌ది. కలసి భోంచేయడం కులభావాన్ని చంపలేకపోయిందని, వర్ణాంతర వివాహమే అసలు మందని, కులానికి ఆధారమైన శాస్త్రప్రామాణ్యాన్ని తొలగించాలని ఆయన 1936 నాటి 'కుల నిర్మూలన'లో వాదించాడు. తెలుగునాట ఈ అసంతృప్తి అంతకుముందే పలికింది. తెల్లదొరల పాలన వద్దన్న గరిమెళ్ళ గీతం జాతీయోద్యమ గీతంగా ఊరూరా మారుమోగగా, 'జయభేరి' సంపాదకుడు కుసుమ ధర్మన్న నల్లదొరల పెత్తనాన్ని నిరసిస్తూ ప్రతిగీతం రాశాడు. జాతీయ వార్తకు స్థానిక జీవితం ఇచ్చిన ఇంత సూటి సమాధానం మరొకటి అరుదు. సహపంక్తి వార్తలను చదివేటప్పుడు ధర్మన్న స్వరాన్ని వినకపోతే, పంక్తిలో కూర్చోబెట్టినవారి ఔదార్యమే కనబడుతుంది; కూర్చున్నవారి అనుభవం కనబడదు.

నిజాం రాజ్యం: సభ జరగడమే వార్త

హైదరాబాద్ రాజ్యంలో పరిస్థితి వేరు. 1921 నవంబరులో హైదరాబాదులో కార్వే అధ్యక్షతన జరిగిన సంఘసంస్కరణ మహాసభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా ఎగతాళికి గురయ్యాడు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. బహిరంగ సభలకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసిన 53వ గస్తీ రాజకీయ చర్చకు దారులు మూసింది. 1922లో నల్లగొండ నుంచి 'నీలగిరి', ఇనుగుర్తి నుంచి 'తెనుగు' పత్రికలు, 1926 మే 10న సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 'గోలకొండ పత్రిక' వెలువడ్డాయి. ఈ వాతావరణంలో గ్రంథాలయ వార్షికోత్సవం, సాహిత్య సభ, హరికథ వంటి వాటికి అదనపు అర్థం ఏర్పడింది. మద్రాసు రాష్ట్రంలో ఇలాంటి సభ జాతీయ వార్త పక్కన నిలిచింది. నిజాం రాజ్యంలో రాజకీయ వార్తకు ప్రత్యామ్నాయంగా నిలిచింది. సభ జరగడమే వార్త.

తెలంగాణలో కవులు లేరన్న మాటకు ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక' ద్వారా సమాధానమిచ్చాడు. ఊరూరా ఉన్న కవులను సేకరించగలగడానికి అంతకుముందు ఎనిమిదేళ్లుగా పత్రిక పాఠకులతో ఏర్పరచుకొన్న సంబంధం పునాది. ఇక హరికథను సాంఘికోద్యమ సాధనంగా మలిచిన ఘనత భాగ్యరెడ్డి వర్మది. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించి హరికథల ద్వారా దళితవాడలలో చైతన్యం కలిగించిన ఆయన, 1931లో 'భాగ్యనగర్' పత్రికను ప్రారంభించాడు. కళారూపం ముందు, పత్రిక తర్వాత: రాజమహేంద్రవరంలో కనిపించిన క్రమం ఇక్కడ తిరగబడింది. అక్షరాస్యతకు దూరంగా ఉంచిన సమూహానికి హరికథే తొలి పత్రిక.

భోజనం విషయంలోనూ తెలంగాణ ఆధారాలు వేరే కోణాన్ని చూపుతాయి. పర్యటనకు వచ్చిన అధికారి భోజనానికి కావలసిన కోడి, పాలు, నెయ్యి, కట్టెలు గ్రామస్థులు ఉచితంగా సమకూర్చవలసి వచ్చేది. వెట్టిచాకిరిలో ఇది ఒక ప్రధాన భాగం. ఆంధ్ర జనసంఘం వెట్టికి వ్యతిరేకంగా చిన్నపుస్తకాలు ప్రచురించి పంచింది. విందు వార్త ఎప్పుడూ ఆతిథేయుడి పేరు చెబుతుంది. వెట్టి గురించిన రచన ఆ విందు ఖర్చు ఎవరిదో చెబుతుంది. ఒకే భోజనం గురించిన ఈ రెండు కథనాలనూ కలిపి చదవడమే చరిత్రకారుడి పని.

నాటకమే పత్రికైన కాలం

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి, జాతీయ వార్తను కళారూపంగా ఊళ్లకు చేర్చడంలో కొత్త దశకు నాంది పలికింది. ఆ సంవత్సరపు బెంగాల్ కరువును షేక్ నాజర్ బుర్రకథగా మలిచాడు. దూరదేశపు ఆకలి వార్తను దినపత్రిక చదవలేని రైతుకూలీ బుర్రకథలో విన్నాడు. తెలంగాణ రైతాంగ పోరాటాన్ని వస్తువుగా తీసుకొని సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రచించిన 'మాభూమి' నాటకం 1947లో అనేక దళాలచేత ఆంధ్ర జిల్లాలలో విస్తృతంగా ప్రదర్శితమైంది. మద్రాసు ప్రభుత్వం దానిని నిషేధించింది. నాటక ప్రదర్శనలను నిషేధించే అధికారాన్ని ప్రభుత్వాలకిచ్చిన చట్టం 1876 నుంచి అప్పటికే దేశంలో అమలులో ఉండేది. రంగస్థలం వార్తను మోయగలదని వలసపాలకులు ఏనాడో గుర్తించారని ఆ చట్టమే సాక్ష్యమిస్తుంది.

1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 15వ అధికరణ రెండో ఖండంలో దుకాణాలు, భోజనశాలలు, హోటళ్లు, వినోద స్థలాలలో కులమతాదుల కారణంగా ఎవరికీ ప్రవేశం నిరాకరించరాదని శాసించింది. భోజనం, కళావినోదం ఒకే వాక్యంలో పక్కపక్కన చేరాయి. ముప్పావు శతాబ్దంపాటు తెలుగు పత్రికల చిన్న వార్తలలో నలిగిన రెండు ప్రశ్నలు దేశ మౌలిక శాసనంలో ఒక చోట నిలిచాయి. ఈ దృష్టితో చూస్తే సహపంక్తి భోజన వార్తలు, సభల వార్తలు ఆ అధికరణకు పూర్వరంగమనడం అతిశయోక్తి కాదు.

జిల్లా పుట: చేరువ, దూరం

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో 'ఈనాడు' ప్రారంభం కావడంతో తెలుగు దినపత్రిక ప్రచురణ కేంద్రం పాఠకుడికి దగ్గరగా జరిగింది. 1989లో ఆ పత్రిక జిల్లా అనుబంధాలను ప్రవేశపెట్టగా ఇతర పత్రికలు అనుసరించాయి. భారతీయ భాషా పత్రికల విస్తరణపై 2000లో గ్రంథం వెలువరించిన రాబిన్ జెఫ్రీ ఈ ప్రయోగాన్ని విశేషంగా చర్చించాడు. మండల కేంద్రంలోని పాఠశాల వార్షికోత్సవం, గ్రామంలోని నాటక పరిషత్తు పోటీలు, అన్నసంతర్పణలు, వనభోజనాలు మునుపెన్నడూ లేనంతగా అచ్చులోకి వచ్చాయి. తమ ఊరి పేరును పత్రికలో చూసుకొనే అవకాశం లక్షలమందికి కలిగింది. ఇది పత్రికా ప్రజాస్వామ్యీకరణలో ముఖ్యమైన అడుగు.

అయితే దీనికి మరో పార్శ్వముంది. స్థానిక వార్తకు ప్రత్యేకమైన పుటలు ఏర్పడటంతో అది జాతీయ వార్త పక్క నుంచి తొలగింది. పూర్వం రాజమహేంద్రవరం వార్త మద్రాసులో, బళ్ళారిలో, బొంబాయిలో చదివేవారు. జిల్లా పుటలోని వార్త జిల్లా సరిహద్దు దగ్గర ఆగిపోతుంది. పల్లెటూరి టీ దుకాణాలలోని రెండు గ్లాసుల పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. 15వ అధికరణ ఉల్లంఘనగా జాతీయ ప్రాధాన్యం ఉండవలసిన ఆ విషయం, ఒక గ్రామ వివాదంగా ఒక జిల్లా పాఠకులకే పరిమితమయ్యే ప్రమాదం ఏర్పడింది. స్థానిక వార్త పరిమాణంలో పెరిగి, ప్రయాణించే దూరంలో తగ్గింది.

ముగింపు

ఈ పరిశీలన నుంచి పద్ధతికి సంబంధించిన మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, స్థానిక కళా, భోజన వార్తలను విడిగా సేకరించి సాంఘిక చరిత్రకు వాడుకోవడం చాలదు. అవి ఏ జాతీయ వార్త పక్కన అచ్చయ్యాయో చూడాలి. కత్తిరించి భద్రపరచిన వార్తకన్నా పూర్తి పుట విలువైన ఆధారం. పాత పత్రికలను అంకీకరించే సంస్థలు వ్యాసాలను ముక్కలుగా విడదీయకుండా పుటలను పుటలుగానే అందుబాటులో ఉంచడం ఈ కారణంగా అవసరం.

రెండవది, ఈ వార్తల భాషను వ్యాకరణ దృష్టితో చదవాలి. సభావార్తలలో అధ్యక్షుడికి, ఉపన్యాసకుడికి, దాతకు పేర్లుంటాయి. వంట చేసినవారికి, వడ్డించినవారికి, ఎంగిలి విస్తళ్లు ఎత్తినవారికి ఉండవు. పత్రికాభాషలో స్థిరపడిన కర్మణి ప్రయోగం పనిని చెప్పి, పని చేసినవారిని దాచగలదు. సహపంక్తి భోజనంలో కూడా ఆకులు ఎత్తింది ఎవరన్న ప్రశ్న అడిగినప్పుడే ఆ పంక్తి ఎంత సమానమో తేలుతుంది. పత్రిక మౌనంగా ఉన్నచోట ఆత్మకథలు, దళిత సాహిత్యం, మౌఖిక కథనాలు పరిశోధకుడికి తోడు కావాలి.

మూడవది, జాతీయమే ముందు, స్థానికం దాని ప్రతిధ్వని అన్న భావనను సవరించుకోవాలి. 1856 చట్టం 1881 వివాహం కోసం వేచి ఉంది; 1930ల నాటి సహపంక్తులు అప్పటి జాతీయ కార్యక్రమం కంటే ముందు నడిచాయి; 1950 నాటి రాజ్యాంగ నిబంధన పల్లెటూరి టీ దుకాణంలో ఇంకా పూర్తిగా అమలు కావలసి ఉంది. పంక్తి, రంగస్థలం, పత్రిక మూడూ ప్రజలను వరుసలో నిలిపే ఏర్పాట్లే. ఆ వరుసలలో ఎవరికి చోటు దొరికింది, ఎవరికి దొరకలేదు అన్న విషయం పత్రికల పతాక శీర్షికలకంటే పుట అడుగున ఉన్న నాలుగు వాక్యాల వార్తలలో ఎక్కువగా దొరుకుతుంది. తెలుగు శాఖలలో పత్రికా సాహిత్యంపై జరిగే పరిశోధన ఇకనైనా ఆ నాలుగు వాక్యాల దగ్గర ఆగి చదవవలసి ఉంది.